ఆగర్ బిట్‌కు పాతకాలపు డెప్త్ స్టాప్ కొనాలా, చెక్కతో చేసుకోవాలా?

చేతి బ్రేస్‌తో (చేత్తో తిప్పి చెక్కను తొలిచే పనిముట్టు) డోవెల్ (అతుకులో దూర్చే గుండ్రటి చెక్క పుల్ల) బెజ్జాలన్నీ ఒకే లోతుకు వేయాలంటే పాతకాలపు లోహపు డెప్త్ స్టాప్ (కావలసిన లోతు వచ్చిందని తెలిపే బిగింపు) కొనడం మంచిదా, లేక ఆగర్ బిట్‌కు, అంటే బ్రేస్‌లో బిగించే మెలికల తొలిచే ములుకుకు, టేపు చుట్టుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. నేను చాలాకాలంగా ఈ రెండింటినీ, వాటితో పాటు బిట్‌కు తొడిగే చెక్క గొట్టాన్ని కూడా వాడుతున్నాను. లోతు తరచుగా మారే పనికి లోహపు స్టాప్, ఒకే లోతుకు ఎక్కువ బెజ్జాలు వేయవలసిన పనికి చెక్క గొట్టం మేలని నా అనుభవం. టేపు ఒకటి రెండు బెజ్జాలకు పనికివస్తుంది. ఆ తరువాత పైకి వచ్చే పొట్టు దానిని నెట్టేస్తుంది.

ఏది వాడినా ముందుగా ఒక విషయం గమనించాలి. ఆగర్ బిట్ కొనన ఉండే చిన్న స్క్రూ చెక్కను పట్టుకుని బిట్‌ను తానే లోపలికి లాగుతుంది. అందువల్ల స్టాప్ పలకకు తగిలిన తరువాత కూడా బ్రేస్ తిప్పుతూ పోతే, ఆ స్క్రూ స్టాప్‌ను పలక ముఖంలోకి దిగలాగి మచ్చ పెడుతుంది, లేదా తాను పట్టుకున్న చెక్క పోగులను చిదిపి పట్టు వదిలేస్తుంది. డెప్త్ స్టాప్ పేరుకు స్టాప్ అయినా, అది చేసేది లోతు వచ్చిందని చెప్పడమే. ఆపవలసినది మన చెయ్యి. తగిలిన వెంటనే బ్రేస్‌ను ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పి స్క్రూ పట్టు వదిలించి, ఆపై మళ్ళీ ముందుకు తిప్పుతూ పైకి లాగితే పొట్టు కూడా బయటికి వచ్చేస్తుంది.

పాత స్టాప్‌లలో ఎక్కువగా కనిపించేవి స్టాన్లీ కంపెనీ 47, 49 సంఖ్యలతో అమ్మిన బిట్ గేజ్‌లు. ఇటువంటి గేజ్‌లు బిట్ మెలికలను బిగించి పట్టుకుంటాయి. వాటి కాలు బిట్‌తో పాటే బెజ్జం చుట్టూ తిరుగుతూ, లోతు పూర్తయ్యేసరికి పలకను తాకుతుంది. కాలు ఒక్కటే ఉన్నదానితో ఒక అదనపు లాభం కూడా ఉంది: ఒకవైపు మాత్రమే గీసుకుని రెండోవైపు గాలిలో తిరుగుతుంటే, బిట్ పక్కకు వాలిందని వెంటనే తెలిసిపోతుంది. అయితే కాలి కింద పొట్టు పేరుకుంటే లోతు పూర్తికాకముందే తగిలినట్టు అనిపిస్తుంది కనుక, చివరి చుట్లకు ముందు దానిని ఊదేయాలి.

గేజ్ ఎంత గట్టిగా నిలుస్తుందన్నది బిట్ రకాన్ని బట్టి కూడా ఉంటుంది. 1855లో పేటెంటు పొందిన రస్సెల్ జెన్నింగ్స్ రకం బిట్‌కు రెండు మెలికలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బిగింపుకు ఆనుకునే చోట్లు ఎక్కువ. మధ్యలో గట్టి కాడ ఉండి దాని చుట్టూ ఒకే మెలిక తిరిగే రకం మీద ఆ చోట్లు తక్కువ. బిగింపు కాస్త వదులైనా గేజ్ బోల్టు మీద నట్టులాగా మెలిక వెంట పైకి జరిగిపోతుంది. అందుకే నాలుగైదు బెజ్జాలకు ఒకసారి కొలత సరిచూసుకుంటాను. ఆ కొలతను బిట్ కొన నుంచి కాకుండా, అడుగును చెక్కే అంచు నుంచి గేజ్ కాలి అడుగు వరకు తీసుకోవాలి.

చెక్క గొట్టం చేయడం సులువు. దానిని బిట్‌కు తొడిగితే పై చివర చక్‌కు (బ్రేస్‌లో బిట్‌ను పట్టుకునే భాగం) ఆనుతుంది, లోతు పూర్తయ్యేసరికి కింది చివర పలకకు తగులుతుంది. చక్ నుంచి చెక్కే అంచు వరకు 165 మి.మీ. ఉండి, కావలసిన లోతు 30 మి.మీ. అయితే గొట్టం పొడవు 135 మి.మీ. ఉండాలి. ఆగర్ బిట్ల మీద వేసే సంఖ్య అంగుళంలో పదహారో వంతులను తెలుపుతుంది. 8 అని ఉంటే అది అర అంగుళం బిట్. దాని గొట్టాన్ని 9వ సంఖ్య బిట్‌తో, రెండు చివరల నుంచి తొలిచి కలుపుతాను. బిగుతుగా ఉంటే పొట్టు లోపలే ఇరుక్కుంటుంది కాబట్టి ఆ ఖాళీ అవసరం. గొట్టం కింది భాగంలో పక్కకు ఒక కిటికీ కోస్తే పొట్టు ఇంకా తేలికగా బయటపడుతుంది. గొట్టం అడుగు వెడల్పుగా ఆనుతుంది కనుక పలకకు మచ్చ పడే భయం తక్కువ, గేజ్‌లోలాగా జరిగిపోయే బిగింపు అంటూ ఏదీ లేదు.

పలుచని పలకల విషయంలో ఏ స్టాప్ అయినా ఒక పరిధి వరకే కాపాడుతుంది, ఎందుకంటే కొన స్క్రూ చెక్కే అంచు కన్నా ముందుకు పొడుచుకుని ఉంటుంది. బెజ్జం అడుగున మిగిలే మందం ఆ స్క్రూ పొడవు కన్నా తక్కువైతే అది అవతలి ముఖాన బయటపడుతుంది. అటువంటప్పుడు స్క్రూ అవతలికి రాకముందే ఆపి, స్క్రూ అరిగిపోయిన అదే కొలత పాత బిట్ ఒకటి తీసుకుని, ఆ స్క్రూను ఆకురాయితో పూర్తిగా అరగదీసి, మిగిలిన లోతును దానితో నొక్కుతూ తొలుస్తాను. అది తనంతట తాను లోపలికి లాక్కోదు కాబట్టి, స్టాప్ తగిలినచోట నిజంగానే ఆగుతుంది.