పాత టర్బో బండి కొంటున్న మేనకోడలికి

పటమట, విజయవాడ

అమ్మడూ,

2012 నాటి స్విఫ్ట్ డీజిల్ చూశావట, 1,40,000 కిలోమీటర్లు తిరిగిందట, అడ్వాన్స్ కూడా ఇవ్వబోతున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సొంత జీతంతో కారు కొంటున్నావంటే ఎంత సంతోషమో చెప్పలేను. ఆ వెంటనే, షిఫ్టు దిగి రాత్రిపూట ఒక్కదానివే కాజ టోల్‌గేట్ మీదుగా గుంటూరు పోతావన్నది గుర్తొచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం మొత్తం చదివాకే డబ్బులియ్యి.

ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ క్లియరెన్స్ చూసుకో. 2027లో 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, బేరంలో ఆ మాట తీసుకురా. ఇంజిన్ గురించి బెంగ వద్దు. అది 1,248 సీసీ ఫియట్ మల్టీజెట్. టాటా విస్టాలోనూ ఫియట్ పుంటోలోనూ ఇదే ఉంది కాబట్టి మన ఆటోనగర్‌లో సామాను దొరుకుతుంది.

పొద్దున్నే వెళ్లు, నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే ఆ రోజుకి తిరిగొచ్చెయ్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవుతూనే ముందువైపు గొలుసు కొట్టుకున్న చప్పుడు రెండు మూడు సెకన్లు వినిపించిందంటే టైమింగ్ చైన్ సాగింది, లేదా ఆ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కి ఆయిల్ ప్రెషర్ ఆలస్యంగా అందుతోంది. ఆ ఖర్చు ధరలో తగ్గించుకో. ఆయిల్ నల్లగా ఉందని భయపడకు, డీజిల్ బండిలో అది మామూలే. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తుంటే మాత్రం ఇంధనం ఆయిల్లో కలుస్తోంది. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతుండగా ఆయిల్ మూత విప్పి తిరగేసి పెట్టు. అది ఎగిరెగిరి పడుతూ పొగ బుసబుసా వస్తే బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది, అంటే సిలిండర్లోని ఒత్తిడి కిందికి కారుతోంది, పిస్టన్ రింగులు అరిగిపోయాయి. ఆ బండి వద్దు.

పొగ రంగుని బట్టి సగం రోగం తెలుస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్‌కి తగ్గ గాలి అందడం లేదు: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, హోస్ చిరిగి ఉండొచ్చు, ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోవచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేసినప్పుడు నీలం మబ్బు లేచిందంటే ముందు టర్బో వైపు, అంటే ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజిన్లోకి గాలి నెట్టే పంకా వైపు చూడు.

పికప్ లేదంటే చాలామంది టర్బో పోయిందనేస్తారు. ఎక్కువసార్లు తప్పు టర్బో నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి పోయే హోసుల్లో ఉంటుంది. చిరుగు కిందివైపు ఉంటుంది, బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెరిగినప్పుడే తెరుచుకుంటుంది, కాబట్టి నిలబెట్టిన బండిలో పైనుంచి చూస్తే కనపడదు. చేత్తో తడిమి చూడు. క్లిప్పు దగ్గర ఆయిల్ చెమ్మ తగిలిందంటే అక్కడే. సబ్బునీళ్లు పూసి ఇంకొకరిని రేజ్ చెయ్యమంటే బుడగలొస్తాయి. మంగళగిరి దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేర్లో 1,500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. 2,000 దగ్గర బండి వెనకనుంచి నెట్టినట్టు లాగాలి. స్కానర్ పెట్టిస్తే ఇంజిన్లోకి పోయే గాలి ఒత్తిడి చెప్పే మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూడమను. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచితే 100 కేపీఏ దగ్గర ఉండాలి, ఫుల్ లోడ్‌లో దాదాపు రెట్టింపు కావాలి. పీ 0299 అని కోడ్ వస్తే బూస్ట్ తక్కువని అర్థం. టర్బో మార్చమని అర్థం కాదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీ నాన్నకి తెలుసు. ఆయన పాత డీజిల్ కారుకి టర్బో పోతే కొత్తది బిగించారు, ఇరవై రోజుల్లో అదీ పోయింది. సామాను డూప్లికేట్ అని గొడవపడి మూడోది వేయించి, అదీ ఈల వేస్తుంటే బండినే అమ్మేశారు. మూడు టర్బోలూ మంచివే. వాటికి ఆయిల్ అందలేదు, అంతే. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షన్నరకి పైగా తిరుగుతూ పల్చటి ఆయిల్ పొర మీదే తేలుతుంటుంది. ఆ ఆయిల్ సన్నటి పైపులోంచి, ఆ పైపుని బిగించే బ్యాంజో బోల్టు చిల్లులోంచి వస్తుంది. ఎగ్జాస్ట్ వేడికి ఆ చిల్లు లోపల ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్లో, ఆయిల్ వడగట్టే స్ట్రైనర్‌కి మడ్డి పడుతుంది. గాస్కెట్ పేస్టు దండిగా పూస్తే దాని ముక్కలూ ఊడి అక్కడే అడ్డం పడతాయి. రిటర్న్ పైపు మూసుకుపోయినా, ఇంజిన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ మూసుకుపోయినా ఆయిల్ కిందికి దిగలేక సీలు దాటి బయటికొస్తుంది. అప్పుడు బాగున్న టర్బోని పోయిందంటారు.

కాబట్టి ఎవరైనా టర్బో మార్చాలంటే ముందు ఇంజిన్ చల్లారాక గాలి పైపు విప్పించి షాఫ్టు నువ్వే పట్టుకుని చూడు. పక్కలకి కొంచెం కదలడం సహజం. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసినా, రెక్కలు గోడకి రాసుకున్నా అది నిజంగా పోయినట్టే. అప్పుడైనా చాంబర్ దింపి స్ట్రైనర్ కడగాలి. టర్బోకి ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపు కడిగి వాడొద్దు, కొత్తది వెయ్యాలి. ఇంటర్‌కూలర్లో పాత ఆయిల్, రెక్కల ముక్కలు లేకుండా శుభ్రం చెయ్యాలి. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి. టర్బో ఆయిల్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి చేత్తో తిప్పాలి. ఇంజిన్ స్టార్ట్ అవకుండా ఇంజెక్టర్ల కనెక్షన్ పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. కనెక్షన్ మళ్లీ పెట్టి స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాలి. "ఇవన్నీ ఎందుకమ్మా" అన్న మెకానిక్ దగ్గర బండి వదలకు. మీ నాన్న పంతం నీకూ ఉంది, దాన్ని ఇక్కడ వాడు.

నాకు భయమున్నది ఒక్కదానికే. టర్బో సీలు తెగి ఆయిల్ ధారగా ఇంటేక్‌లోకి పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకుని దానంతటదే రేజ్ అవుతుంది, వెనక తెల్లగా నీలంగా పొగ కమ్మేస్తుంది. తాళం తిప్పినా ఆగదు. కదులుతుండగా తాళం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. క్లచ్ తొక్కి బండిని పక్కకి ఆపు. అయిదో గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలి బ్రేకు బలంగా తొక్కిపట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలెయ్. ఇంజిన్ కొట్టుకుని ఆగిపోతుంది. ఆగకపోతే దిగి దూరంగా వెళ్లు, బానెట్ తెరవొద్దు, గాలి పైపుకి చెయ్యి అడ్డం పెట్టొద్దు. బండి పోతే పోనీ తల్లీ. ఇంజిన్ ఆపి ఉంచి, ఆ గేరూ క్లచ్చూ కదలిక ఇంటి ముందు పదిసార్లు చేసి చూసుకో.

కొన్నాక ఆయిల్ 7,000 కిలోమీటర్లకే మార్చు. బుక్కులో ఎక్కువుంటుంది, కానీ మన ఎండకీ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌కీ పాత ఇంజిన్ అంతకాలం ఓర్చుకోదు. స్టార్ట్ చేసిన అర నిమిషం రేజ్ చెయ్యకు. హైవే మీంచి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపు.

బేరం కుదిరితే మొదటి ఆయిల్ మార్చేటప్పుడే చాంబర్ దింపిద్దాం. ఏ రోజన్నది ఒక రోజు ముందుగా చెప్పు, ఆటోనగర్ గేటు దగ్గర ఉంటాను. స్ట్రైనర్ నేను చూసేదాకా కడగనివ్వకు.

మీ మావయ్య