పదకొండో ఏటే జాతకం రాసేయకండమ్మా

ప్రశ్న: లండన్ శివారులోని హారోలో ఉంటున్నాం. బాబుకు తొమ్మిదేళ్లు. బార్నెట్‌లోని క్వీన్ ఎలిజబెత్స్ స్కూల్లో సీటు రాకపోతే వాడి భవిష్యత్తు ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. ట్యూషన్ గంటలు పెంచాలా? పదకొండేళ్లకు పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే ఆ గ్రామర్ స్కూలునూ, పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే ఇంటి దగ్గరి కాంప్రహెన్సివ్ స్కూలునూ పోల్చి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: పోల్చి చెబుతానమ్మా. కానీ మీ ఉత్తరంలో బాబుకు ఏది ఇష్టమో ఒక్క ముక్క కూడా లేదు. ముందు అది గమనించండి.

ఆ స్కూలు చరిత్ర వినండి. 1573లో మొదటి ఎలిజబెత్ రాణి శాసనంతో మొదలైంది. చర్చి ఎదుట ఉన్న ట్యూడర్ హాల్ అనే భవనంలో తరతరాలు చదివారు. 1932లో క్వీన్స్ రోడ్డుకు మారింది. 1971లో ప్రవేశ పరీక్ష తీసేసి కాంప్రహెన్సివ్ స్కూలయింది. పరీక్ష మళ్లీ వచ్చింది 1994లో. అంటే సీటు రాదేమోనని ఈరోజు మీరు భయపడుతున్న స్కూలు ఇరవై ఏళ్లకు పైగా కాంప్రహెన్సివే!

ఆ పరీక్ష ఎందుకు తీసేశారు? 1944 విద్యా చట్టం తర్వాత పదకొండేళ్లకే పిల్లలను వడపోశారు. దాదాపు నలుగురిలో ముగ్గురికి గ్రామర్ స్కూలు దక్కలేదు. ఒకే ఇంట్లో తమ్ముడికి సీటు వచ్చి అన్నకు రాకపోతే, ఆ అన్న ఎంత కుమిలిపోయి ఉంటాడో ఊహించండి. అందుకే 1965లో ప్రభుత్వం ఈ వడపోత మానుకోమని స్థానిక కౌన్సిళ్లను కోరింది. ఆనాటి ప్రభుత్వమే వద్దనుకున్న 'ఓడిపోయినవాడు' అనే ముద్రను మీరు మీ ఇంట్లోనే వేస్తున్నారు.

ఎలెవెన్ ప్లస్ అనే ఈ ప్రవేశ పరీక్ష కోచింగ్ మోజు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఇక్కడ పిల్లలను నలిపేస్తున్నాం. అదే అలవాటును అక్కడికీ మోసుకెళ్లారు. ఆ మధ్య సెలవులకు వచ్చిన ఒక కుటుంబం నా దగ్గర కూర్చుంది. "ఏ ఆట ఇష్టం నాన్నా?" అని పిల్లవాణ్ని అడిగాను. వాడు చొక్కా చేతి అంచు కొరుకుతూ తల్లి ముఖం వైపు చూశాడు. "పరీక్ష అయ్యాక ఆడతాడండీ" అని ఆవిడే చెప్పింది. అంచు దారాలు అప్పటికే ఊడిపోయి ఉన్నాయి.

ఇక పోలిక. రెండింట్లోనూ ఫీజు లేదు, పదహారేళ్లకు రాసేది అవే జీసీఎస్ఈ పరీక్షలు. గ్రామర్ స్కూల్లో చురుకైన తోటివారు దొరుకుతారు, పోటీ ఒత్తిడీ ఉంటుంది. మీకైతే రోజూ బార్నెట్ ప్రయాణం అదనం. మంచి కాంప్రహెన్సివ్‌లో లెక్కలు బాగా వచ్చిన పిల్లలను చాలాచోట్ల పై సెట్‌లో, అంటే చురుకైనవారి బృందంలో కూర్చోబెడతారు. పదహారేళ్లకు, మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్‌కు బయటివారిని చేర్చుకునే గ్రామర్ స్కూళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి పదకొండేళ్లకు ఏ తలుపూ శాశ్వతంగా మూసుకుపోదు. భయపడకండి.

బాబుకు ఇష్టమైతే పరీక్ష రాయించండి. ట్యూషన్ గంటలు మాత్రం పెంచవద్దు. ఇంటి దగ్గరి స్కూల్లో ఓపెన్ ఈవెనింగ్ (స్కూలు చూడటానికి కుటుంబాలను పిలిచే సాయంత్రం) పెట్టినప్పుడు వాణ్ని తీసుకెళ్లండి. మీరు వెనక నిలబడి, ప్రశ్నలు వాణ్నే అడగనివ్వండి. ఏమేం అడిగాడో నాకు రాయండి.