ఫార్మసీలో ‘వారానికి ఎంత తాగుతారు’ అని అడిగితే నిజం చెప్పాలా?

ప్రశ్న అడిగినాయన ఇంగ్లండ్‌లో ఉంటారు, బీపీ చూపించుకుందామని ఫార్మసీకి వెళ్తే తాగుడు గురించి అడిగారట, మందులిచ్చేవాళ్ళకి ఇదంతా ఎందుకు, చెప్తే ఎక్కడైనా ఎక్కుతుందా అని ఆయన డౌటు. నేను ఆ కౌంటర్ వెనకుండే మనిషినే. తెనాలి దగ్గర మాది, బీఫార్మసీ అక్కడ చేసి ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలన్నీ రాసి ఫార్మసిస్ట్‌గా చేస్తున్నా.

చెప్పండి, నిజమే చెప్పండి. దీనికీ వీసాకీ ఐఎల్ఆర్‌కీ (ఇక్కడ శాశ్వతంగా ఉండే పర్మిషన్) ఏ సంబంధం లేదు (మనవాళ్ళందరి మొదటి భయం అదే, వీసాకి తంటా తెచ్చేది తాగి కారు నడిపి దొరకడం, ఫార్మసీలో చెప్పడం కాదు). బీపీ రీడింగ్ జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి వెళ్తుంది, తాగుడు సంగతి మాత్రం నేనైతే మిమ్మల్ని అడక్కుండా ఎవరికీ పంపను.

కానీ నా అనుభవంలో మనవాళ్ళు అబద్ధం చెప్పరండీ, అసలు ఎంత తాగుతున్నారో వాళ్ళకే తెలీదు. మాకు దగ్గర్లో ఉండే ఒక కరీంనగర్ కుర్రాడు, ఐటీ, ఎప్పుడొచ్చినా గ్యావిస్కాన్ (ఎసిడిటీ మందు) పెద్ద సీసా. ఛాతీలో మంట అంటాడు. ఒకరోజు షాపు ఖాళీగా ఉంటే లోపల గదిలో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగా, ఆడిట్-సీ అంటారు దాన్ని, ఎన్నాళ్ళకోసారి తాగుతారు, తాగిన రోజు ఎన్ని యూనిట్లు (యూనిట్ అంటే 10 ఎంఎల్ అచ్చమైన ఆల్కహాల్), ఒకే రోజు మగవాళ్ళైతే ఎనిమిది యూనిట్లు, ఆపైన తాగేది ఎంత తరచుగా. మొత్తం 12 మార్కులు, 5 గానీ ఆపైన గానీ వస్తే జాగ్రత్తపడాలి. ‘నేను తాగుడే తక్వన్నా, శుక్రారం శనారం మూడు పెగ్గులు, గంతే’ అన్నాడు. ఇక్కడ పబ్బులో పోసే 25 ఎంఎల్ విస్కీ ఒక యూనిట్ కాబట్టి మూడు పెగ్గులంటే మూడు యూనిట్లని వాడి లెక్క. ఆ లెక్కన 4 వచ్చింది. పాస్.

నాకెందుకో నమ్మబుద్ధి కాలా. స్టాఫ్ కిచెన్‌లోంచి ఒక గాజు గ్లాసు, కుళాయి నీళ్ళు తెచ్చి, ఇంట్లో పోసుకునేట్టే ఒక పెగ్గు పొయ్యమన్నా. వాడు నవ్వుకుంటూ గ్లాసు కొంచెం వంచి, ఐస్‌కి చోటు వదిలి మరీ పోశాడు. దాన్ని తీసుకెళ్ళి సిరప్‌లు కొలిచే సిలిండర్‌లో వంచితే 85 ఎంఎల్ గీత దగ్గర ఆగింది. 40 శాతం విస్కీ అయితే 3.4 యూనిట్లు. మూడు పెగ్గులకి పది దాటింది, రెండు రాత్రులకి ఇరవై. 2016 నుంచి ఇక్కడ మగాళ్ళకైనా ఆడాళ్ళకైనా వారానికి 14 దాటొద్దంటున్నారు. మళ్ళీ మార్కులేస్తే 4 కాస్తా 10 అయింది. వాడు సిలిండర్‌ని కంటి ఎత్తుకి పెట్టి చూసి ‘ఇది ఒక్క పెగ్గే కదన్నా’ అన్నాడు. నేను క్లాసేం పీకలేదు, ఆ మంటకి గ్యావిస్కాన్ కన్నా ఇది తగ్గిస్తేనే పని జరుగుతుందని ఒక్క ముక్క చెప్పా. ఆ తర్వాత ఇంట్లోకి 25 ఎంఎల్ కొలత కప్పు కొనుక్కున్నాడు, గ్యావిస్కాన్ కూడా పెద్ద సీసా నుంచి చిన్న సీసాకి దిగింది.

మన ఊరి లెక్కలో కావాలంటే, క్వార్టర్ అంటే 180 ఎంఎల్, 42.8 శాతం, దగ్గరదగ్గర 7.7 యూనిట్లు. రెండు క్వార్టర్లతో వారం కోటా దాటిపోయింది. క్వార్టర్ అంటే మనోళ్ళకి అసలు తాగినట్టే కాదాయె!

ఈ అడగడాల వల్ల ఉపయోగం లేదనేవాళ్ళూ ఉన్నారు. 2015లో లండన్ ఫార్మసీల మీద ఒక ట్రయల్ వచ్చింది, ఫార్మసిస్ట్ పది నిమిషాలు కూర్చుని మాట్లాడినవాళ్ళకీ ఊరికే కరపత్రం ఇచ్చి పంపినవాళ్ళకీ మూడు నెలల తర్వాత చూస్తే తేడా కనపడలేదు. ఉండొచ్చు, నేను కాదనను, కానీ మాటలతో ఎవడు మారాడు చెప్పండి, సిలిండర్‌లో కొలిచి చూపిస్తే మారతారు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరైనా దీని మీద ట్రయల్ చేస్తే బాగుండు.

పైగా అడిగే పద్ధతి ఒకటుంటుంది కదా. ఇదివరకు నేను చేసిన ఒక ఫార్మసీ చెయిన్‌లో ఇలా కూర్చోబెట్టి మాట్లాడే గది నిండా టిష్యూ పేపర్ అట్టపెట్టెలే, శుక్రవారం అయ్యేసరికి మేనేజర్ ఈ తాగుడు ప్రశ్నల కార్డులు ఎన్ని నింపారని అడిగేవాడు. దాంతో క్యూలో పది మంది వింటుండగా ‘సార్ మీరు తాగుతారా’ అని అడిగేవాళ్ళు. ఎవడు చెప్తాడండీ నిజం? మన దగ్గర మెడికల్ షాపుల్లో మొదలెట్టినా ఇదే జరుగుద్ది, గది అనేదే లేదు, పక్కన నిలబడినాయన మీ బాబాయి ఫ్రెండ్ అయ్యుంటాడు. గోడకి వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్‌లో కుర్రాడు ఇంకొకరు, ఆ గొడవ వేరే.

అయితే రోజూ పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ కుదుటపడని మనిషికి ఈ పెగ్గుల కొలతలు సరిపోవు. మనవాళ్ళ వైద్యం తెలుసుగా, పిల్లల మీద ఒట్టేయించడం, లేదా అయ్యప్ప మాల వేయించడం, ఏదైనా రాత్రికి రాత్రి బంద్. అలాంటోళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకొస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వైన్‌షాపులు మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎట్లా వచ్చారో పేపర్లలో చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో అయితే జీపీ దగ్గరికి గానీ, మీ ఏరియా ఆల్కహాల్ సర్వీస్‌కి గానీ వెళ్ళండి, డబ్బులేం అడగరు. ఇండియాలో అయితే సైకియాట్రీ వార్డున్న ఏ గవర్నమెంట్ హాస్పిటల్‌కైనా తీసుకెళ్ళండి, డాక్టర్ మందులిచ్చి మెల్లగా దింపుతారు. మాల తర్వాతైనా వేసుకోవచ్చు.