ఇంగ్లిషులో స్టఫ్ అంటే సామానేనా? థింగ్స్‌కీ దానికీ తేడా ఏమిటి?

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాననీ, ఆఫీసులో అందరూ ప్రతిదానికీ స్టఫ్ అంటుంటే అయోమయంగా ఉందనీ రాశారు. నేను చాలా ఏళ్లుగా బెంగళూరులోనే మారతహళ్లిలో ఉంటున్నాను. ఇక్కడ రోజూ వినబడే మాటలతోనే చెబుతాను.

'మై స్టఫ్' అంటే నా సామాను. ఏమేం ఉన్నాయో విడివిడిగా చెప్పే అవసరం లేనప్పుడు వాడతారు. పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి) ఖాళీ చేసేటప్పుడు బట్టలు, బకెట్, కుక్కర్, ఛార్జర్లు అన్నీ కలిపి స్టఫ్.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది వ్యాకరణం దగ్గర. ఇసుకను ఒకటి, రెండు అని లెక్కపెట్టం కదా, స్టఫ్ కూడా అంతే. 'మెనీ స్టఫ్స్', 'ఎ స్టఫ్' తప్పు. 'ఎ లాట్ ఆఫ్ స్టఫ్', 'సమ్ స్టఫ్' అనాలి. పక్కన 'ఆర్' రాదు, 'ఈజ్' వస్తుంది. లెక్క చెప్పాలంటే థింగ్స్ వాడండి: 'త్రీ థింగ్స్'. ఆహార పదార్థాలను ఫుడ్‌స్టఫ్స్ అనడం మాత్రం సరైనదే.

ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఇప్పటి ఫ్రెంచిలోనూ 'ఎటోఫ్' అంటే బట్ట. ఇంగ్లండులో జూనియర్ బారిస్టర్ల గౌనును ఇప్పటికీ స్టఫ్ గౌన్ అనే అంటారు. అలా బట్ట లాంటి ముడిసరుకు అనే అర్థం నుంచి, లోపల ఉన్న సత్తా అనే అర్థమూ వచ్చింది. తెలుగులో 'వాడిలో సరుకుంది' అంటామే, సరిగ్గా అదే. పని బాగా తెలిసినవాణ్ని 'హి నోస్ హిజ్ స్టఫ్' అంటారు. ఈ వాడుక నాకు చాలా ఇష్టం. క్రియగా వాడితే కూరడం: గుత్తివంకాయ ఇక్కడి మెనూల్లో స్టఫ్డ్ బ్రింజాల్ అవుతుంది.

రాతలో మాత్రం జాగ్రత్త. ఇల్లు మారేటప్పుడు నా రూమ్మేట్ గేట్ పాస్ మీద 'హౌస్ స్టఫ్' అని రాస్తే సెక్యూరిటీ వాళ్లు బండిని ఆపేశారు. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అని వరసగా రాసిచ్చాకే వదిలారు. ఆఫీసు మెయిల్లో అయితే ఐటమ్స్, మెటీరియల్ లాంటివి మేలు. ఇంకొకటి, కుర్రాళ్ల యాసలో స్టఫ్ అంటే మత్తుమందు కూడా. తెలియనివాళ్లెవరైనా 'స్టఫ్ కావాలా' అంటే ఆగకుండా వచ్చేయండి.

పలికేటప్పుడు 'స్ట'ను పొట్టిగానే ఉంచండి. సాగదీస్తే స్టాఫ్ అయిపోతుంది, మీ సామాను గురించి చెబుతుంటే సిబ్బంది అనుకుంటారు.