మస్కట్‌లో మన పూజలు చేసుకోనిస్తారా?

తమ్ముడికి ఒమాన్ రాజధాని మస్కట్‌కు వీసా వచ్చిందని, ముస్లిం దేశంలో మన పండగలు, పూజలు చేసుకోనిస్తారా అని అడిగారు. చేసుకోనిస్తారు. అక్కడ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా చాలా ఏళ్లు లేబర్ క్యాంపులో ఉన్నవాడిగా చెబుతున్నా.

పాత మస్కట్‌లో సుల్తాన్ గారి ప్యాలెస్‌కు దగ్గర్లోనే శివాలయం ఉంది, మోతీశ్వర్ మందిర్ అంటారు. శివరాత్రికి జనం కిటకిటలాడతారు. దార్‌సైత్‌లో కృష్ణుడి గుడి, రువీలో చర్చిలు. వారం సెలవు శుక్రవారం కాబట్టి మన గోదావరి జిల్లాల క్రైస్తవులు చాలామంది ఆదివారం ఆరాధన శుక్రవారమే కానిచ్చేస్తారు. అయితే మత ప్రచారం చేయకూడదు. అనుమతి ఉన్న చోటే సామూహిక ప్రార్థన. రంజాన్‌లో పగలు బయట మంచినీళ్లు కూడా తాగకూడదు.

ఇదంతా ఉత్త మంచితనమని నేననుకోను. గుజరాతీ వ్యాపారులు అక్కడ తరతరాలుగా పాతుకుపోయారు. కనక్‌సీ ఖిమ్‌జీ అనే హిందూ వ్యాపారికి షేక్ హోదానే ఇచ్చారు. వ్యాపారం నడవాలంటే ఎవరి దేవుణ్ణి వాళ్లకు వదిలేయాలని అక్కడి పాలకులకు బాగా తెలుసు.

క్యాంపు సంగతి వేరు, అక్కడ గొడవంతా బాత్రూమ్ దగ్గరే. మా ఫ్లోర్‌లో ఉన్న నాలుగింటిలో ఒకటి ఎప్పుడూ పాడే. జగిత్యాల వైపు షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను అయ్యప్ప మాల వేశాడు. తెల్లారకముందే తలస్నానం, లోపలి నుంచే శరణుఘోష. బయట బంగ్లాదేశ్ మేస్త్రీలు ఫజర్ (తెల్లవారుజాము) నమాజుకు ముందు వజూ చేసుకోవాలని, అంటే కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవాలని, భుజాన తువ్వాళ్లతో లైన్లో నిలబడేవాళ్లు. సైట్ బస్సు అయిదున్నరకి. ఒకరోజు తలుపు బాదుడు, అరుపులు, చెయ్యి చేసుకునేదాకా పోయింది. వాళ్లలో పెద్దాయన అడ్డం వచ్చి, స్వామి నాలుగింటికే లేచి కానిచ్చేయాలి, నాలుగున్నర నుంచి ఎవరూ అడ్డురాకూడదని తేల్చాడు. ఆ తర్వాత అలారం మోగినా లేవకపోతే, ‘ఉఠో స్వామీ, టైమ్ హో గయా’ అని మంచం తట్టి లేపింది కూడా ఆయనే. మెస్‌లో మలబారు వంటాయన, ఆయనా ముస్లిమే, చేపల గరిట తగలకుండా స్వామికి పప్పు ముందే తీసి పెట్టేవాడు.

సైట్‌లో నల్లబట్టలు, ఒట్టి కాళ్లు కుదరవు. సేఫ్టీ షూ తప్పదు. దానికెవరూ బాధపడలేదు. బాధంతా శబరిమల వెళ్లడానికి సెలవు అడిగినప్పుడు. పాస్‌పోర్టు ఆఫీసు లాకర్‌లో ఉంది, కాంక్రీట్ పోసే పని మధ్యలో ఉంది, కుదరదన్నారు. అన్నది అరబ్బు కాదు, నుదుట బొట్టు పెట్టుకుని కూర్చున్న మన దేశపు మేనేజరే. స్వామి అక్కడే ఒక గురుస్వామి దగ్గర మాల తీసేశాడు.

2024 జులైలో మస్కట్‌లోనే వాదీ కబీర్ అనే చోట షియా మసీదు దగ్గర ఐసిస్ వాళ్లు కాల్పులు జరిపారు. చనిపోయిన వాళ్లలో పాకిస్తానీలు, ఒక భారతీయుడు, ఒక పోలీసు ఉన్నారు. ఆ వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఏవేవో దేశాల పాత వీడియోలు తెచ్చి పడేసింది మనవాళ్లే. రాత్రి పన్నెండు దాకా కొట్టుకుని, పొద్దున అదే బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్లు.

నన్నడిగితే గల్ఫ్‌లో మతం కన్నా పాస్‌పోర్టు రంగే ఎక్కువ చూస్తారు. ఒకే పని, ఒకే క్రేను; ఫిలిప్పీన్స్ అతనికో జీతం, మనకొకటి, బంగ్లా అతనికి ఇంకా తక్కువ. దీని గురించి ఎవరూ అడగరెందుకో! మీ తమ్ముడి పూజకు టెన్షన్ పడకండి. చిన్న పటం ఒకటి పెట్టెలో పెట్టి పంపండి. విమానం ఎక్కకముందే బేసిక్ జీతం ఎంత, ఓవర్‌టైమ్ ఎంత, రెండేళ్లకు టికెట్ ఎవరిస్తారు అన్నది మాత్రం ఏజెంట్ చేత కాగితం మీద రాయించుకోండి.