నిద్రకు ఏ మూలిక? అశ్వగంధా, బ్రాహ్మీయా, జటామాంసియా?

ప్రశ్న: నా వయసు 46. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. థైరాయిడ్ తక్కువగా ఉన్నందున ఆరేళ్లుగా రోజూ ఉదయం మాత్ర వేసుకుంటున్నాను. నాలుగు నెలల క్రితం దానిని 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెంచారు. మూడు నెలలుగా రాత్రి పదిన్నరకు పడుకున్నా పన్నెండు దాటే వరకు నిద్ర పట్టడం లేదు. పట్టినా తెల్లవారుజామున మూడింటికి గుండెదడతో మెలకువ వస్తోంది. చిన్న విషయాలకే కంగారు పడుతున్నాను. పక్కింటి వదినగారు అశ్వగంధ చూర్ణం పాలలో కలుపుకోమన్నారు, మా చెల్లెలు బ్రాహ్మి మంచిదంటోంది, మూలికల కొట్టు అతను జటామాంసి చేతిలో పెట్టాడు. మూడూ తెచ్చుకున్నాను కానీ ఇంకా మొదలుపెట్టలేదు. వీటిలో ఏది వాడాలి? మూడూ కలిపి వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మూలికల సంగతికి వచ్చే ముందు మీరు మామూలుగా రాసేసిన ఒక విషయం దగ్గర నేను ఆగవలసి వచ్చింది. మాత్ర మోతాదు పెరిగి నాలుగు నెలలైంది, నిద్ర చెడి మూడు నెలలైంది. మీ మాత్రలో ఉండే థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్ ఒంటికి కావలసిన దానికన్నా కాస్త ఎక్కువైతే గుండెదడ, చేతుల్లో సన్నని వణుకు, చెమట, కారణం తెలియని కంగారు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు టి.ఎస్.హెచ్. అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవడం ఆనవాయితీ. ఆ పరీక్ష సంగతి మీ ఉత్తరంలో లేదు. అందుచేత ఈ వారంలోనే ఆ పరీక్ష, దానితోపాటు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, మాత్ర రాసిన వైద్యులకు చూపించండి. మోతాదు ఎక్కువైందని తేలితే దానిని సరిచేయడమే మీకు మందు. అలాగని మాత్రను మీ అంతట మీరు తగ్గించవద్దు. నెలసరి క్రమం తప్పడం, రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు రావడం వంటివి ఉంటే అవి కూడా వైద్యులతో చెప్పండి, ఎందుకంటే ఈ వయసులో నిద్రను చెడగొట్టే కారణాల్లో నెలసరి ఆగిపోయే దశ కూడా ఒకటి.

ఇక అశ్వగంధ. మనవైపు పెన్నేరు గడ్డ అని పిలిచే ఈ మొక్కను అనంతపురం, కర్నూలు ప్రాంతాల మెట్ట పొలాల్లో కూడా పండిస్తారు. దీని శాస్త్రనామంలోని ‘సోమ్నిఫెరా’ అనే లాటిన్ మాటకు నిద్ర తెచ్చేది అని అర్థం. నిద్ర విషయంలో మనుషుల మీద ఎక్కువగా పరీక్షించిన ఆయుర్వేద మూలిక కూడా ఇదే. 5 పరీక్షల్లో పాల్గొన్న 400 మంది ఫలితాలను కలిపి 2021లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, ప్రయోజనం చిన్నదే అయినా స్పష్టంగా కనిపించింది. నిద్రలేమి ఉన్నవారిలోనూ, రోజుకు 600 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి వేరు సారాన్ని కనీసం 8 వారాలు వాడినవారిలోనూ అది మరింత ఎక్కువగా ఉంది. పగలంతా అలసిపోయి, ఒళ్లు బలహీనపడి, రాత్రి మాత్రం కళ్లు మూతపడని వారికి నేను ముందుగా తలచుకునే మందు ఇదే.

అయినా మీకు మాత్రం ఇప్పుడు వద్దంటాను. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. అసలే మాత్ర ఎక్కువైందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు దాని మీద అశ్వగంధను కూడా వేస్తే, తగ్గవలసిన గుండెదడ పెరగవచ్చు, పరీక్ష ఫలితం కూడా తారుమారు కావచ్చు. కాబట్టి ఆ పొట్లం విప్పకండి. మీ వదినగారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు, ఆమెకు అది బాగా పనిచేసి కూడా ఉండవచ్చు. కానీ ఆమె వేసుకునే మాత్రలు, మీరు వేసుకునే మాత్రలు ఒకటి కావు.

ఇదే సందర్భంలో మిగతా పాఠకులకు కూడా ఒక మాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు అశ్వగంధ జోలికి వెళ్లకూడదు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే మందులు తీసుకునేవారు తమ వైద్యులను అడగకుండా మొదలుపెట్టకూడదు. అరుదుగానే అయినా, వాడడం మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో కామెర్లు, ఒంటి దురద వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దీనిని నిషేధించింది. అది అతి జాగ్రత్త అని వాదించేవారు ఉన్నారు, నేను కూడా నిషేధం అవసరమనుకోను. అయినా మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా ఆ క్షణమే ఆపి వైద్యుని దగ్గరకు వెళ్లవలసిందే.

మీ చెల్లెలు చెప్పిన బ్రాహ్మి మంచి మందే కానీ అది నిద్రమందు కాదు. దాని బలమంతా జ్ఞాపకశక్తి మీద, మనసు నిలకడ మీద ఉంటుంది, అది కూడా నెమ్మదిగా. దానిపై జరిగిన పరీక్షలు ఎక్కువగా 12 వారాల పాటు సాగినవే. ఈ రాత్రి వేసుకుని ఈ రాత్రే నిద్ర కోరుకునేవారికి అది నిరాశే మిగులుస్తుంది. ఖాళీ కడుపుతో తీసుకుంటే కడుపులో తిప్పడం, విరేచనాలు కూడా కావచ్చు.

జటామాంసి 3,000 మీటర్లకు పైన హిమాలయాల్లో పెరిగే మొక్క. ఎండిన వేరుకాండం ముదురు గోధుమ రంగు జడలా ఉండి, ఘాటైన మట్టివాసన వేస్తుంది. ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి తరుముతుంటే నిద్ర పట్టనివారికి వైద్యులు తరతరాలుగా ఇస్తున్నది ఇదే. మనుషుల మీద జరిగిన పరీక్షలు మాత్రం అశ్వగంధకు ఉన్నన్ని దీనికి లేవు. మీ టి.ఎస్.హెచ్. సరిగా ఉండి, వైద్యులు మాత్ర మార్చనక్కరలేదని చెబితే, మీ మూడింటిలో నేను మీకు సూచించేది ఇదే: పడుకోవడానికి గంట ముందు ఒక గ్రాము చూర్ణం గోరువెచ్చని పాలతో, 4 వారాలు. మర్నాడు మత్తుగా ఉంటే సగం చేయండి. 4 వారాల్లో మార్పు లేకపోతే మోతాదు పెంచవద్దు, ఆపివేయండి. థైరాయిడ్ మాత్రను ఎప్పటిలాగే ఉదయం పరగడుపునే వేసుకోండి, ఆ సమయంలో ఏ మూలికా దాని పక్కన ఉండకూడదు.

అయితే ఆ కొట్టులో ఇచ్చిన విడి పొట్లాన్ని మాత్రం వాడకండి. అడవుల్లో విచ్చలవిడిగా తవ్వడం వల్ల జటామాంసి అంతరించిపోయే స్థితికి చేరింది, దాని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది, అందుకే ఇతర వేర్లు కలిపిన సరుకు బజారులో తిరుగుతుంటుంది. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, మూలిక శాస్త్రనామం, వాడిన భాగం స్పష్టంగా అచ్చువేసిన డబ్బాను మాత్రమే కొనండి. అశ్వగంధ కొనేవారు ‘వేరు’ అనే మాట ఉందో లేదో చూసుకోవాలి. ఆకు కలిపిన సారం వేరుతో సమానం కాదు.

మూడూ కలపడం గురించి అడిగారు. వద్దు. కలిపి వాడితే మేలు దేనివల్ల జరిగిందో, దద్దురు దేనివల్ల వచ్చిందో ఎవరమూ చెప్పలేము.

మూలికలకు ముందుగా చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చరక సంహితలో నిద్ర పట్టనివారికి చెప్పిన ఉపాయాల్లో ముందుగా వచ్చేవి నూనె మర్దన, నలుగు, స్నానం. ఆ వెనుక వరి అన్నం, పెరుగు, పాలు, నెయ్యి, మనసుకు హాయి, ఇష్టమైన సువాసన. నిద్రలేమికి గేదెపాలు మంచివని కూడా అందులోనే ఉంది. కాబట్టి రాత్రి అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె పది నిమిషాలు రాయించుకోండి. సాయంత్రం స్టాఫ్‌రూములో తాగే చివరి టీని మధ్యాహ్నం రెండింటితో ఆపండి, ఎందుకంటే అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పన్నెండు వరకు మంచం మీద దొర్లుతూ ఉండకండి. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి మరో గదిలో కూర్చుని, కళ్లు బరువెక్కాకే తిరిగి రండి. ఎన్నింటికి పడుకున్నా ఉదయం లేచే వేళ మాత్రం మార్చకండి.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను, వయసు 24. పుస్తకం తెరిస్తే గుండె వేగంగా కొట్టుకుంటోంది. మా ఊళ్లో దొరికే సరస్వతి ఆకే బ్రాహ్మి అంటున్నారు. నిజమేనా? సారస్వతారిష్టం తాగవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ తికమక చాలా పాతది బాబూ. గుండ్రంగా, అంచులు రంపపు పళ్లలా ఉండి, నేల మీద తీగలా పాకే సరస్వతి ఆకు మండూకపర్ణి. దాని శాస్త్రనామం సెంటెల్లా ఏషియాటికా. నీటి అంచున పెరిగే, చిన్న మందపాటి ఆకులున్న బ్రాహ్మి మరో మొక్క, దాని శాస్త్రనామం బకోపా మొన్నియేరి. రెండింటినీ మేధకు మంచివనే చెప్పారు, కొన్ని ప్రాంతాల్లో రెండింటికీ బ్రాహ్మి పేరే ఉంది, కానీ ఒకదాని మీద జరిగిన పరీక్షలను రెండోదానికి అంటగట్టకూడదు. సరస్వతి ఆకును పచ్చడిగానో పప్పులోనో తినడంలో తప్పు లేదు. సారస్వతారిష్టం వంటి అరిష్టాల్లో, అంటే పులియబెట్టి చేసే మందుల్లో, పులియడం వల్ల సహజంగానే కొంత ఆల్కహాలు తయారవుతుంది, కాబట్టి వైద్యుడు చెప్పిన కొలతకు మించి తాగకండి, ఇతర మందులు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారికి మరో హెచ్చరిక: శంఖపుష్పి పేరుతో అమ్మే ఆయుర్వేద మందు రక్తంలో ఫెనిటాయిన్ మోతాదును తగ్గిస్తుందని 1992లోనే ప్రచురించారు.

మీ భయం రెండు వారాలకు మించి రోజూ వేధిస్తున్నా, బతకడం అనవసరమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ ఆకు కోసమూ ఆగకుండా 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. నాలుగేళ్లుగా రాత్రి అల్ప్రజోలామ్ మాత్ర, ఉదయం రక్తపోటు మాత్ర వేసుకుంటున్నారు. నిద్రమాత్ర ఆపించి సర్పగంధ ఇవ్వాలనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: సర్పగంధ ఇవ్వవద్దు. అది నిజంగా శక్తిమంతమైన మూలిక. రక్తపోటుపై దాని ప్రభావాన్ని ముంబయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రపంచానికి చూపించారు, 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. అదే శక్తి మీ నాన్నగారికి ప్రమాదం: రక్తపోటు మాత్రకు ఇది తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు, తీవ్రమైన దిగులులోకి కూడా జారవచ్చు. నాలుగేళ్లు వాడిన అల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చే ముప్పు ఉంది. దానిని రాసిన వైద్యుడే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి, ఆ మధ్యలో కొత్త మూలిక ఏదీ చేర్చకండి. ఆయన గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతున్నారేమో రెండు రాత్రులు గమనించి, ఆ వివరం కూడా వైద్యులకు చెప్పండి.