సిద్ధాంతమా, గెలుపు గుర్రమా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో సిద్ధాంతం నచ్చినాయనకి వెయ్యాలా, నవంబరులో గెలిచేలా ఉన్నాయనకా?

జవాబు: ముందు దేశవ్యాప్త సర్వేలు పక్కన పెట్టమనండి. గెలుపుకి రాష్ట్రాలవారీగా దక్కే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 కావాలి. అవి తేలేది పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి కొద్ది చోట్లే. అక్కడ రిపబ్లికన్ ప్రత్యర్థితో ముఖాముఖి పోటీ మీద చేసిన సర్వేలే చూడాలి. 1972లో డెమొక్రాటిక్ అభ్యర్థి మెక్‌గవర్న్ అంటే యువ కార్యకర్తలు పడిచచ్చారు. దక్కినవి మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్, మొత్తం 17 ఓట్లు! అలాగని గెలుపు గుర్రం లెక్కలూ గట్టివేం కావు. 2016లో ట్రంప్ గెలవడన్న పండితులే ఎక్కువ.

ఇంకో మెలిక ఉంది. రాష్ట్రంలోనో, నియోజకవర్గంలోనో 15 శాతం ఓట్లు రాకపోతే అక్కడి డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, ఒక్కరూ రారు. నచ్చినాయన ఎనిమిది దగ్గరే ఆగేలా ఉంటే రెండో ఇష్టానికి వెయ్యడం మేలు. పదిహేను దాటేలా ఉంటే సిద్ధాంతానికే వెయ్యమనండి.